నూషీ దాద్‌గోస్తార్ కెరీర్ తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

స్వీడన్‌లో మూడేళ్ళు వరసగా రిజిస్టరై ఉంటే పాస్‌పోర్ట్ ఏ దేశానిదైనా మున్సిపల్, రీజియన్ ఎన్నికల్లో ఓటుంటుంది. ఓటు కార్డు ఇంటికొచ్చాక గోథెన్‌బర్గ్‌లో మనవాళ్ళు నన్నడిగేది ఒకటే: "ఆ లెఫ్ట్ పార్టీ ఆవిడ ఏం చేసిందండీ?" ఆవిడంటే లెఫ్ట్ పార్టీని నడిపించిన నూషీ దాద్‌గోస్తార్. మన అలవాటు కొద్దీ ముందు ఏ శాఖకి మంత్రిగా చేసిందో వెతుకుతారు. ఏమీ దొరకదు. 1917లో పుట్టిన ఆ పార్టీ నూరేళ్ళు దాటినా 2026 ఎన్నికల దాకా జాతీయ మంత్రివర్గంలో అడుగే పెట్టలేదు మరి.

కాబట్టి పదవుల లిస్టు పక్కన పెట్టి, 2021 జూన్ 21 దగ్గర మొదలుపెట్టండి. ఆ రోజు ప్రధాని స్టెఫాన్ లోవెన్ మీద అవిశ్వాసం 181 ఓట్లతో నెగ్గింది. స్వీడన్ చరిత్రలో అలా ఓడిన మొదటి ప్రధాని ఆయనే. పడగొట్టింది దాద్‌గోస్తార్. నాయకురాలై ఏడాది కూడా కాలేదు, ముందురోజే 36 నిండాయి.

గొడవ అద్దె గురించి. ఇక్కడ మామూలుగా అద్దెలు ఓనర్ ఇష్టం కాదు, అద్దెదారుల సంఘంతో కూర్చుని బేరమాడి తేలుస్తారు. కొత్తగా కట్టే ఇళ్ళకి ఆ పద్ధతి తీసేసి ఓనర్లకే వదిలేద్దామని 2019 జనవరి ఒప్పందంలో ఒక పాయింటుంది, నంబర్ 44. ఆ ఒప్పందంతోనే లోవెన్ మళ్ళీ ప్రధాని అయ్యారు. దాన్ని అమలు చేస్తే పడగొడతామని లెఫ్ట్ పార్టీ అప్పటి నాయకుడు యూనాస్ షోస్తెట్ ఆనాడే చెప్పారు. దాద్‌గోస్తార్ 48 గంటల గడువిచ్చింది, ఆ తర్వాత అన్నంత పనీ చేసింది. అవిశ్వాసం పెట్టాలంటే 35 మంది సభ్యులుండాలి, ఆమెకి అంత బలం లేదు. తీర్మానం పెట్టింది స్వీడన్ డెమోక్రాట్లు, అంటే వలసల్ని వ్యతిరేకించే పార్టీ, ఆమెకి బద్ధ వ్యతిరేకులు. వాళ్ళ పక్కన ఓటేసిందని తిట్టినవాళ్ళు చాలామంది. నేనుండేదీ అద్దె ఇల్లే కాబట్టి నాకు పక్షపాతం ఉండొచ్చు, అది తీసేసి చదువుకోండి. జులైలో లోవెన్ తిరిగొచ్చారు, ఆ అద్దె ప్రతిపాదన మాత్రం రాలేదు.

ఇప్పుడు వెనక్కి వెళ్ళండి. రిక్స్‌డాగ్, అంటే పార్లమెంటు, వెబ్‌సైట్‌లో ప్రతి సభ్యుడికీ ఒక పేజీ ఉంటుంది. కమిటీలు, ప్రసంగాలు, వేసిన ఓట్లు అన్నీ ఉచితంగా చూడొచ్చు. స్వీడిష్ రాకపోతే బ్రౌజర్ ట్రాన్స్‌లేషన్ ఆన్ చేసుకోండి, చాలు. ముందు కమిటీ చూడండి. ఆమె పార్లమెంటుకొచ్చింది 2014లో. పార్టీ తరఫున ఇళ్ళ విషయాలు మాట్లాడింది ఆమే. అంతకుముందు స్టాక్‌హోమ్ పక్కనున్న బూత్‌షిర్కా మున్సిపల్ కౌన్సిల్‌లో పనిచేసింది. ఇది తెలిశాక 2021 జూన్ హఠాత్తుగా ఊడిపడినట్టు అనిపించదు. ఇరాన్ నుంచి పారిపోయి వచ్చిన తల్లిదండ్రుల కథ ప్రతి ఇంటర్వ్యూలోనూ వస్తుంది, దానికోసం విడిగా వెతకక్కర్లేదు. 2018లో పార్టీ ఉపాధ్యక్షురాలు, 2020 అక్టోబర్ 31న అధ్యక్షురాలు. కరోనా వల్ల మేలో జరగాల్సిన మహాసభ అప్పటిదాకా వాయిదా పడింది.

తర్వాత ముందుకు రండి. ఇక్కడ ప్రధాని కావడానికి మెజారిటీ ఓట్లు రానక్కర్లేదు, మొత్తం 349 మంది సభ్యుల్లో 175 మంది వ్యతిరేకించకపోతే చాలు. ఈ ఒక్క రూలు అర్థమైతే చిన్న పార్టీలకి అంత బలం ఎలా వస్తుందో తెలిసిపోతుంది. 2021 నవంబర్ 24న, లోవెన్ తర్వాత ప్రధాని పదవికి నిలబడిన మగ్దలేనా ఆండర్సన్‌కి వ్యతిరేకంగా పడిన ఓట్లు 174. ముందురోజు రాత్రి దాకా బేరం సాగించి, తక్కువ పెన్షన్ వచ్చే వృద్ధులకి నెలకి 1000 క్రోనార్ల దాకా పెంచుతామన్న హామీ తీసుకున్నాకే దాద్‌గోస్తార్ పార్టీ అడ్డు తప్పుకుంది. ఆండర్సన్ అదే రోజు రాజీనామా చేసి మళ్ళీ వారంలోపే వచ్చారు, అది వేరే గోల. ఆ పెంపు 2022 ఆగస్టులో చేతికొచ్చింది. హామీ తేదీ, డబ్బు అందిన తేదీ పక్కపక్కన రాసుకోండి. ఏ నాయకుడి విషయంలోనైనా నేను చేసే పని ఇదే.

ఇక ఓట్ల శాతం కూడా చూడండి, అభిమానులు దీన్ని దాటేస్తారు. 2018లో 8 శాతం, 28 సీట్లు. ఆమె నడిపించిన 2022లో 6.75 శాతం, 24 సీట్లు. ప్రధానిని దించినా, పెన్షన్ తెచ్చినా ఓటర్లు పెరగలేదు. 2026 ఎన్నికలకి ముందు ఆమె మంత్రి పదవులు కావాల్సిందేనని షరతు పెట్టడం ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి.