బెంగళూరులో నాటకం చూడాలంటే: టికెట్, సీటు, తిరుగు బస్సు

బెంగళూరులో నాటకం తప్పిపోయేది ఎక్కువగా టికెట్ దొరక్క కాదు, వేళకు చేరలేక. జేపీ నగర్‌లోని రంగశంకర నాటకశాలలో 7.30 అని వేస్తే 7.30కే తలుపు మూస్తారు. ఆ తర్వాత టికెట్ చూపించినా, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చామని చెప్పినా లోపలికి పంపరు. పరిషత్తు నాటికలకు అలవాటుపడ్డ మనకు ఇది మొదట కటువుగా అనిపిస్తుంది. మన దగ్గర ఏడింటికి అని వేస్తే, జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, శాలువాలు అయ్యాకే తెర లేస్తుంది. కానీ చీకట్లో తొలి మాట పడే క్షణాన, ఫోను లైటు వేసుకుని సీటు వెతుక్కునేవాళ్లు ఒక్కరూ లేకపోతే ఎంత హాయిగా ఉంటుందో ఒకసారి చూశాక ఆ నియమం మీద గౌరవం పుడుతుంది. అందుకే ప్రయాణాన్ని మొత్తం ఆ 7.30 నుంచి వెనక్కి లెక్క కట్టుకోవాలి.

ఏ హాలు, ఏ నాటకం

మొదటిసారి వెళ్లేవాళ్లు చిన్న హాలు ఎంచుకోవడం మంచిది. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ జ్ఞాపకార్థం ఆయన భార్య, నటి అరుంధతి నాగ్ చొరవతో 2004లో మొదలైన రంగశంకరలో సీట్లు 300 పైచిలుకు మాత్రమే. వేదిక జనంలోకి చొచ్చుకొచ్చినట్టు ఉంటుంది, మూడు వైపులా కూర్చుంటారు. నటుడు గుక్క తిప్పుకోవడం కూడా వినిపిస్తుంది. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో దాదాపు రోజూ ఆట ఉంటుంది. శని, ఆదివారాల్లో మామూలుగా 3.30కి ఒకటి, 7.30కి ఒకటి.

జేసీ రోడ్డులో టౌన్‌హాలుకు దగ్గర్లో ఉన్న రవీంద్ర కళాక్షేత్రది వేరే లోకం. ఠాగూర్ శతజయంతి గుర్తుగా కట్టిన పెద్ద హాలు. దాని వెనకే సంస బయలు రంగమందిరం, పక్కనే కన్నడ భవనంలో నయన అనే చిన్న హాలు ఉన్నాయి. ఒకే సాయంత్రం ఈ మూడింట్లోనూ ఏదో ఒకటి జరుగుతుండడం మామూలే. కాబట్టి గేటు దగ్గర ఏ నాటకం ఏ హాల్లో అని అడిగే లోపలికి నడవండి. సంస ఆరుబయట ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో దాన్ని నమ్ముకోవద్దు. డిసెంబరులో వెళ్తే స్వెట్టరు, దోమలకు ఒంటికి రాసుకునే క్రీము రెండూ ఉండాలి.

వయొలిన్ ఆకారంలో కట్టిన చౌడయ్య మెమోరియల్ హాలు మల్లేశ్వరం వైపు ఉంది. వెయ్యికి పైగా సీట్లు. పేరున్న నటులతో ముంబయి నుంచి వచ్చే భారీ నాటకాలు తరచు అక్కడే ఆడతారు. అక్కడ బాల్కనీ టికెట్‌కు పెట్టే డబ్బుతో చిన్న హాల్లో రెండు నాటకాలు చూడొచ్చు, అదే మేలు. బాల్కనీ చివర్నుంచి ముఖం కనిపించదు, మాట మైకులోంచి వస్తుంది. మైకులో విన్న నాటకం సగం నాటకమే. వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న జాగృతి 200 సీట్ల చక్కని హాలు, ఇంగ్లిషు నాటకాలు ఎక్కువ. అయితే ఆ వైపు బస చేసినప్పుడే అది పెట్టుకోవాలి. జేపీ నగర్‌లో 3.30 ఆట చూసి సాయంత్రానికి అక్కడికి చేరుదామనుకుంటే ట్రాఫిక్ స్తంభించే సిల్క్‌బోర్డు కూడలి దగ్గరే ఆశ వదులుకోవాల్సి వస్తుంది.

నాటకం ఎంచుకునేటప్పుడు పోస్టరు మీది నటుల పేర్ల కంటే అది ఎన్నో ప్రదర్శనో చూడండి. తొలి ప్రదర్శనలో లైటు ఒక క్షణం ఆలస్యంగా పడుతుంది, పాట మాటను మింగేస్తుంది, రంగం మారేటప్పుడు బల్ల తగిలి చప్పుడవుతుంది. పది ఆటలు పడ్డ నాటకంలో ఇవన్నీ సర్దుకుని ఉంటాయి. కొత్త తండా (కన్నడంలో నాటక బృందం) తొలి ఆట చూడాలన్న కుతూహలం ఉంటే చూడండి, కానీ దూరప్రయాణం చేసి వచ్చిన ఒక్క సాయంత్రాన్ని దాని మీద పెట్టొద్దు. నిడివి, విరామం ఉందా లేదా, పిల్లల వయసు నిబంధన, ఈ మూడూ టికెట్ పేజీలోనే రాసి ఉంటాయి. చిన్నపిల్లల్ని తీసుకెళ్లే ముందు మూడోది తప్పకుండా చదవండి.

కన్నడ రాదే అంటే

భాష భయంతో ఇంగ్లిషు నాటకాలకే పరిమితమైతే ఈ ఊరి అసలు బలం చూడనట్టే. తెలుగువాళ్లకు కన్నడ లిపి ఒక సాయంత్రంలో పట్టుబడుతుంది, తలకట్టు, కొన్ని అక్షరాలు మాత్రమే తేడా. పోస్టరు చదవడానికి పది మాటలు చాలు. రచనె అంటే రాసినవాళ్లు, నిర్దేశన అంటే దర్శకత్వం, తండ అంటే బృందం, బెళకు అంటే లైటింగ్, స్థళ అంటే చోటు, దర అంటే ధర, సంజె అంటే సాయంత్రం, భానువార అంటే ఆదివారం, ఉచిత ప్రవేశ అంటే టికెట్ అక్కర్లేదని. మనవాళ్లు పొరబడే మాటలు రెండున్నాయి. ఇందు అంటే ఇవాళ, నాళె అంటే రేపు. వీటిని తారుమారు చేసుకుంటే ఖాళీ హాలు ముందు నిలబడాల్సి వస్తుంది.

మొదటి కన్నడ నాటకానికి పాటలున్నది ఎంచుకోండి. మాట జారిపోయినా పాట పట్టుకుని నడిపిస్తుంది. శ్రీరంగ రాసిన 'సత్తవర నెరళు' నాటకానికి దర్శకుడు బి.వి. కారంత్ పురందరదాసు పదాలు వాడారు. సంగీతం పాఠాలు నేర్చుకున్నవాళ్లకు అవి కొత్తగా అనిపించవు. కారంత్ స్థాపించిన బెనక తండా నాటకాలు పడితే వదలకండి. శివమొగ్గ జిల్లా హెగ్గోడు నుంచి ఏటా ఊరూరా తిరిగే నీనాసం అనే నాటక సంస్థ 'తిరుగాట' నాటకాలు కూడా అంతే. చమత్కారం, శ్లేష మీద నడిచే హాస్య నాటకాలు మాత్రం కన్నడ చెవికి పట్టాకే. పక్కవాళ్లంతా నవ్వుతుంటే మనం మౌనంగా కూర్చోవాల్సి వస్తుంది. ఏ నాటకమైనా కథ ముందే చదువుకుని వెళ్లండి. కథ తెలిస్తే రుచి తగ్గుతుందనేది సినిమా అలవాటు. కీచకుడు చస్తాడని తెలిసే కదా మనవాళ్లు సురభి నాటకాలకు బండ్లు కట్టుకుని పోయింది.

తెలుగు నాటకమే కావాలంటే వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి కార్యక్రమాల మీద ఓ కన్నేసి ఉంచండి. ఆటలు తక్కువ కాబట్టి తేదీ తెలిశాకే ప్రయాణం పెట్టుకోవాలి.

టికెట్

రంగశంకరలో మామూలు నాటకాలకు 200 నుంచి 500 రూపాయల మధ్య ఉంటుంది. కళాక్షేత్రలో అంతకంటే తక్కువ, ఉచిత ప్రదర్శనలూ ఉంటాయి. ఆన్‌లైన్‌లో బుక్‌మైషోలో దొరుకుతాయి, పైన వాళ్ల రుసుము పడుతుంది. హాలు కౌంటర్లో కొంటే ఆ రుసుము మిగులుతుంది. ముందుగా నిండేది శనివారం 7.30 ఆట, అదే నాటకానికి ఆదివారం మధ్యాహ్నం సులువుగా దొరుకుతుంది. స్థానిక తండాలకు బుధ, గురువారాల్లో తీసుకున్నా సరిపోతుంది. నసీరుద్దీన్ షా మోట్లీ బృందంలాంటివాళ్లు వస్తే మాత్రం అమ్మకం మొదలైన రోజే తీసుకోవాలి.

ఆన్‌లైన్‌లో అయిపోయిందని చూపించినా ఆశ వదలొద్దు. ఆట రోజు గంటన్నర ముందు కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగండి. మిగిలినవి ఉండొచ్చు, రాలేని స్నేహితుడి టికెట్ చేతిలో పెట్టుకుని నిలబడ్డవాళ్లూ ఉంటారు. ఒక్కరైతే దాదాపు దొరుకుతుంది, నలుగురైతే కష్టం. డబ్బు కట్టే ముందు తేదీ, 3.30నా 7.30నా అన్నది బయటికి చదువుకోండి. ఎక్కువ పొరపాట్లు అక్కడే జరుగుతాయి, డబ్బు మాత్రం వెనక్కి రాదు.

వేళకు చేరడం

హైదరాబాదు, కర్నూలు, అనంతపురం వైపునుంచి వచ్చేవాళ్లకు కాచిగూడ–యశ్వంతపుర వందేభారత్ బాగా కలిసొస్తుంది. మధ్యాహ్నం రెండు ప్రాంతంలో యశ్వంతపుర చేరుస్తుంది, వారంలో ఒకరోజు నడవదు. దాన్ని నమ్ముకుని 3.30 ఆట కొనకండి, 7.30ది కొనండి. రైలు దిగితే పక్కనే మెట్రో. ఆకుపచ్చ లైను ఆర్‌వీ రోడ్డు దాకా, అక్కడ పసుపు లైను మారితే తర్వాతి స్టేషనే రాగిగుడ్డ. అక్కడినుంచి రంగశంకర నడిచి వెళ్లగలిగే దూరం. ఎండో వానో ఎక్కువగా ఉంటే ఆటో ఎక్కండి. పసుపు లైనులో రైళ్లు ఆకుపచ్చ లైనంత తరచుగా ఉండవు. మారేచోట పావుగంట అదనంగా వేసుకోండి, లేదంటే ఆర్‌వీ రోడ్డులోనే దిగి ఆటో మాట్లాడుకోండి. విజయవాడ, విశాఖ వైపు రైళ్లు చాలావరకు బయ్యప్పనహళ్లి పక్కనున్న విశ్వేశ్వరయ్య టెర్మినల్‌కు వస్తాయి. అక్కడ దిగగానే మెట్రో ఉండదు, ఆటోలో స్టేషను దాకా వెళ్లాలి.

లెక్క ఇలా. 7.30 ఆటకు 7.00కల్లా వరసలో ఉండాలి. 6.30కి హాలు ఆవరణలో అడుగుపెట్టాలి. బస దగ్గర 5.30కి బయల్దేరాలి, వానొస్తే 5.00కి. కారైతే ఇంకో అరగంట ముందు. శుక్రవారం సాయంత్రం కారు అసలొద్దు. కళాక్షేత్రకు కేఆర్ మార్కెట్ స్టేషన్లో దిగాలి. శనివారం 3.30కి రంగశంకర, రాత్రి 7.00కి కళాక్షేత్ర చూడాలనుకుంటే ఇలా మెట్రోలో సాధ్యమే. ఒక రోజుకు రెండు చాలు, మూడోదానికి మనసులో చోటుండదు.

బస ఆకుపచ్చ లైను వెంబడి చూసుకోండి, జయనగరైనా గాంధీనగరైనా సరే. లగేజీ అక్కడే వదిలి రండి. గది తీసుకోకపోతే రైల్వే క్లోక్‌రూంలో పెట్టొచ్చు, కానీ తాళం లేని బ్యాగు తీసుకోరు. చిన్న తాళం ఇంటినుంచే తెచ్చుకోండి.

సీటు, లోపలి మర్యాద

రంగశంకరలో సీటు నంబర్లుండవు, ముందొచ్చినవాళ్లు ముందు కూర్చుంటారు. 7.00కి వరసలో నిలబడమన్నది అందుకే. చాలామంది పరుగున మొదటి వరసకు పోతారు. అక్కడ ఒక నటుణ్ని చూస్తుంటే ఇంకొకరు కంటి చివరికి జారిపోతారు. నాలుగు నుంచి ఆరో వరస మధ్యలో కూర్చుంటే వేదిక మొత్తం ఒక్క చూపులో పడుతుంది. పక్క వైపులకు వెళ్తే నటుల వీపులు ఎక్కువ కనిపిస్తాయి. తెర మీద అనువాదం వేసే నాటకమైతే ఇంకా వెనక్కి వెళ్లండి, అక్షరాలకూ ముఖాలకూ మధ్య మెడ తిప్పే పని తగ్గుతుంది. కళాక్షేత్రలో కింది అంతస్తే మేలు.

కూర్చునే ముందే మరుగుదొడ్డికి వెళ్లిరండి. మధ్యలో బయటికి వెళ్తే మళ్లీ రానివ్వకపోవచ్చు. ఫోను వైబ్రేషన్‌లో కాదు, పూర్తిగా ఆపాలి. 300 మంది హాల్లో ఆ గురగుర అందరికీ వినిపిస్తుంది, స్క్రీను వెలుగు నటుడి కంట్లో పడుతుంది. ఫొటో, వీడియో కూడదు. దగ్గుకు బిళ్ల కావాలంటే కాగితం ముందే విప్పి రుమాల్లో పెట్టుకోండి. మన పద్యనాటకాల్లో రాగం బాగుంటే వన్స్‌మోర్ అంటాం, నటుడూ సంతోషంగా మళ్లీ అందుకుంటాడు. అది మన సొగసు. ఇక్కడ మాత్రం ఆ మెచ్చుకోలును చివరి చప్పట్లదాకా దాచుకోండి. ఏసీ చలికి ఓ శాలువా ఉంటే మంచిది.

తిండి విషయం తేలిక. రంగశంకర క్యాంటీన్లో సగ్గుబియ్యం వడ బాగుంటుంది. 6.45 తర్వాత రద్దీ పెరుగుతుంది కాబట్టి రాగానే తినేయండి.

ఆట అయ్యాక

చప్పట్లు అయ్యాక పది నిమిషాలు ఆగండి. నటులు మేకప్ తుడుచుకుని బయటికొస్తారు. 'తుంబా చెన్నాగిత్తు' (చాలా బాగుంది) అంటే చాలు, మాట కలుస్తుంది. తర్వాతి ఆట ఎక్కడో, ఏ తండా మంచి నాటకం కడుతోందో వాళ్లనే అడగండి. అంతకన్నా నమ్మకమైన సమాచారం ఇంకెక్కడా దొరకదు.

అదే రాత్రి వెనక్కి వెళ్లేవాళ్లు బస్సు 11.00కి ముందు తీసుకోవద్దు. విరామం ఉన్న నాటకం పదింటిదాకా సాగుతుంది, దానికైతే 11.30 దాటినదే తీసుకోండి. చివరి మెట్రో రాత్రి 11 ప్రాంతంలో ఉంటుంది, ఆ రోజు వేళ యాప్‌లో చూసుకోండి. మెజెస్టిక్‌లో దిగితే ఆర్టీసీ బస్టాండు ఎదురుగానే, ప్రైవేటు బస్సులకు ఆనందరావు సర్కిల్ దగ్గర్లోనే. హిందూపురం, అనంతపురం బస్సులు హెబ్బాళలో కూడా ఎక్కొచ్చు. కానీ జేపీ నగర్ నుంచి అంత దూరం రోడ్డు మీద పోవడం కంటే మెట్రోలో మెజెస్టిక్ చేరడమే నయం.