నడుము ఊడిన జీ.ఐ. జో బొమ్మను మళ్ళీ నిలబెట్టడం ఎలా?

దసరా పది రోజులుందనగా మా ఇంటికి పాత బొమ్మలు రావడం మొదలవుతుంది. తిరుపతి, చిత్తూరు వైపు కొలువు పెట్టే ఇళ్ళు ఎక్కువ. మెట్ల మీద మరపాచి జంట, శెట్టి దంపతులు, దశావతారాలు కూర్చుంటారు. కింద నేల మీద ఇసుక పోసి, ఆవాలు చల్లి మొలకెత్తించి పిల్లలు పార్కు కడతారు. ఆ పార్కుకు కాపలాగా నిలబెట్టేది తొంభైల్లో వాళ్ళ నాన్నకో మామకో కొనిపెట్టిన జీ.ఐ. జో సైనికుల్ని. అటక మీది డబ్బా దించి చూస్తే ఒంటి పైభాగం ఒకచోట, కాళ్ళు ఒకచోట ఉంటాయి.

మొన్న బైరాగిపట్టెడ నుంచి ఒక కుర్రాడు అలాంటి బొమ్మనే తెచ్చాడు. "జిగురు పెట్టినా అన్నా, రెండు దినాలు కూడా నిలవలే" అన్నాడు. ఆ బొమ్మలో విరిగిందేమీ లేదు. లోపల రబ్బరు రింగు తెగింది, అంతే. దాన్ని మార్చడానికి పావుగంట చాలు. కానీ క్షణంలో అంటుకునే ఆ జిగురు నడుములోకి దిగి, తొడ కీళ్ళదాకా పాకి గడ్డకట్టింది. గోకి తీయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఇలాంటివి ఏటా నాలుగైదు చూస్తున్నాను. దయచేసి జిగురు సీసా పక్కన పెట్టండి. బొమ్మ వీపు మీద స్క్రూ ఉంది, దాన్ని విప్పండి.

లోపల ఏముంది

మూడు ముప్పావు అంగుళాల ఈ సైజు సైనికుల్ని అమెరికాలో హాస్‌బ్రో 1982లో తెచ్చింది. మన దగ్గర అమ్మినవి ఫన్‌స్కూల్ తయారుచేసినవి. ఆ కంపెనీ మొదలైంది 1987లో. ఎవరు చేసినా లోపలి ఏర్పాటు ఒకటే. ఛాతీ, వీపు రెండు చిప్పలు. వాటిని వీపు వైపు నుంచి ఒకే ఒక్క స్క్రూ బిగించి పట్టుకుంటుంది. తల, రెండు చేతులు ఆ చిప్పల మధ్య ఇరుక్కుని ఉంటాయి. కాళ్ళు రెండూ కలిసే చోట ఒక కొక్కెం ఉంటుంది. నల్ల రబ్బరు రింగు ఒక కొస ఆ కొక్కేనికి, రెండో కొస స్క్రూ దిగే ప్లాస్టిక్ గొట్టానికి తగిలించి ఉంటుంది. బొమ్మ నడుము తిప్పినా, కూర్చున్నా, నిలబడినా ఆ రబ్బరు బిగువు మీదే.

ముప్పై ఏళ్ళు స్లాబు కింది అటక మీద, మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండలకు ఉడికాక ఆ రబ్బరు ఏమవుతుంది? పెళుసుబారి తెగుతుంది. కొన్నిట్లో ముదురు పాకంలా జిగటగా మారి గొట్టానికి అతుక్కుపోతుంది. బొమ్మ తప్పేం లేదు.

సామాన్లు

సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్ళు వాడే చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ల సెట్టు, సన్న పట్టకారు, పాత టూత్‌బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్, కొస వంచిన సన్న తీగ. ఇక రబ్బరు రింగు. షాపులో ఓ-రింగు అని అడగండి. మోటారు పంపుల సామాన్లు అమ్మేచోట, వాటర్ ఫిల్టర్లు బాగుచేసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. పాత రింగు ముక్కలైనా సరే, కవర్లో వేసుకుని వెళ్ళి పక్కన పెట్టి మందం చూసుకోండి. దగ్గరి సైజులు మూడు నాలుగు కొనండి, ఖరీదైన వస్తువు కాదు. నల్లటి నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) రింగే తీసుకోండి. కొందరు తెల్లటి సిలికాన్ మంచిదంటారు, కానీ కొక్కెం అంచు తగిలితే అది చీలుతుంది. జడకు కట్టే రబ్బరు బ్యాండ్లు, డబ్బుల కట్టలకు వేసే బ్యాండ్లు వద్దే వద్దు. మన ఎండకు ఒక్క వేసవి దాటవు.

స్క్రూ విప్పడం

పని అంతా ఇక్కడే ఉంది. బొమ్మలు పాడయ్యేదీ ఇక్కడే. మిగతా పనుల్లో తప్పు చేస్తే మళ్ళీ చేసుకోవచ్చు. ఇక్కడ తప్పు చేస్తే బొమ్మ పోయినట్టే.

ఆ స్క్రూ సన్నది, పొట్టిది, మెత్తటి ఇనుముది. తుప్పు పట్టి ఉంటుంది. దాని తలలో ప్లస్ ఆకారపు గాడి ఉంటుంది కదా, ముందు సూదితో ఆ గాడిలోని మట్టి మొత్తం తవ్వి తీయండి. నేను భూతద్దం పెట్టుకుని చూస్తాను. గాడి అడుగు కనిపించేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోను. మట్టి మీద పెట్టి తిప్పితే డ్రైవర్ మొన సగమే దిగుతుంది, జారుతుంది, గాడి అంచులు అరిగిపోతాయి. రెండుసార్లు జారిందంటే గాడి గుండ్రటి గుంట అయిపోతుంది. ఆ తర్వాత ఏ డ్రైవరూ పట్టదు.

సెట్టులోని డ్రైవర్లు ఒక్కొక్కటే గాడిలో పెట్టి చూడండి. ఏది పెడితే చెయ్యి వదిలినా ఊగకుండా నిలబడుతుందో అదే సరైన సైజు. బొమ్మను మడత పెట్టిన పాత పంచె మీద బోర్లా పడుకోబెట్టండి. చేతిలో పట్టుకుని విప్పకండి, జారితే మొన అరచేతిలో దిగుతుంది. డ్రైవర్‌ను నిటారుగా నిలిపి, బలమంతా కిందికి నొక్కడంలో పెట్టండి. తిప్పడానికి కొంచెం చాలు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మెల్లగా నొక్కి గట్టిగా తిప్పుతారు, గాడి నలుగుతుంది.

కదిలితే సరే. కదలకపోతే అక్కడే ఆగండి. రెండో ప్రయత్నం బలంతో చేయకండి.

తుప్పు పట్టిన స్క్రూకు నూనె వేయమని నూటికి తొంభై మంది చెబుతారు. ఇనుములో దిగిన స్క్రూకు అది పనిచేస్తుంది. ఇక్కడ స్క్రూ దిగింది ప్లాస్టిక్‌లో. నూనె చిప్పల సందులోకి పాకి, కొత్తగా వేయబోయే రింగుదాకా చేరి, ఏళ్ళ తరబడి దుమ్ము పట్టి బంకవుతుంది. కొబ్బరినూనె అయితే మరీను. తుప్పు తొలిచే స్ప్రేలలో ఉండే ద్రావకాలు కొన్ని ప్లాస్టిక్‌లకు నెర్రెలు తెప్పిస్తాయి. నేను వాడను, వాడమని ఎవరికీ చెప్పను.

నేను చేసేది వేడి పెట్టడం. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. దాని మొనను స్క్రూ తల నడిమధ్య ఆనించి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి తీసేయండి. మొన ప్లాస్టిక్‌కు తగలకూడదు, వెంట్రుకవాసి కూడా. తీశాక వెంటనే తిప్పకండి. అందరూ చేసే తప్పు ఇదే. వేడిగా ఉన్నప్పుడు స్క్రూ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడి ఉంటుంది, తిప్పితే లోపలి మర, అంటే స్క్రూ పట్టుకునే గాట్లు, మొత్తం చెక్కుకుని వచ్చేస్తుంది. నిమిషం ఆగండి. వేడికి ఉబ్బిన స్క్రూ చల్లారి ముడుచుకుంటుంది, తుప్పు పట్టు అప్పుడు వదులుతుంది. అప్పుడు నొక్కి, నెమ్మదిగా తిప్పండి. చిన్నగా 'టిక్' మని చేతికి తెలుస్తుంది. ఆ చప్పుడు వినిపించిందంటే గండం గడిచినట్టే.

రాకపోతే పది నిమిషాలు ఆగి మళ్ళీ నాలుగు లెక్కలు. మొత్తం మూడుసార్లు. మూడోసారికీ రాకపోతే ఆ రోజుకు వదిలేయండి. కాల్చిన ప్లాస్టిక్ వాసన వచ్చిందా, మీరు ఎక్కువసేపు పెట్టారన్నమాట. కిటికీ తెరిచి ఈ పని చేయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

నేను మొదట చెడగొట్టింది నా సొంత బొమ్మనే. ఓపిక లేక బలంగా తిప్పాను. స్క్రూతోపాటు ఛాతీ లోపలి గొట్టం నిలువునా చీలింది. దానికి సన్న దారం పది చుట్లు చుట్టి, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ పూసి ఒక రోజంతా ఆరబెట్టి నిలబెట్టాను. జిగురు లాంటిది నేను లోపల వాడేది ఆ ఒక్క సందర్భంలోనే.

కడగడం

స్క్రూ వచ్చాక చిప్పలు విడతీయండి. ఏ చెయ్యి ఎటు ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాత రబ్బరు బంకను అగ్గిపుల్లతో తీసేయండి. చిప్పల్ని గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో బ్రష్‌తో తోమండి. మోచేతుల దగ్గర ఇనుప రివెట్లుంటాయి కాబట్టి చేతులు నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడవాలి. చివరి కడుగు తాగే నీళ్ళతో చేయండి. మన బోరు నీళ్ళకు ఆరాక తెల్లటి చారలు పడతాయి.

స్పిరిట్‌తో, నెయిల్ పాలిష్ తీసే ద్రవంతో తుడవకండి. మొదటిది రంగును తీసేస్తుంది, రెండోది ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. కొలువులో ఎర్రచందనం మరపాచి జంట ఉన్నవాళ్ళు ఈ మాట మరింత గుర్తుంచుకోవాలి. ఎర్రచందనం రంగు నీళ్ళకు దిగదు కానీ స్పిరిట్‌కు దిగుతుంది. మా బంధువుల ఇంట్లో అమ్మమ్మ పెళ్ళినాటి జంటను దూదితో, స్పిరిట్‌తో తుడిచారు. దూది నెత్తుటి రంగుకు తిరిగింది, రాజు ముఖం పాలిపోయింది. పొడిగుడ్డ చాలు వాటికి.

రింగు వేయడం, మూయడం

కొత్త రింగును కాళ్ళ కొక్కేనికి తగిలించి, తీగతో నడుము ముక్క (ఛాతీకి, కాళ్ళకు మధ్య ఉండేది) రంధ్రంలోంచి పైకి లాగండి. ఛాతీ చిప్పను వెల్లకిలా పెట్టి, లోపలి గొట్టానికి రింగు పై కొస తొడగండి. తల, చేతులు వాటి గుంటల్లో పెట్టి వీపు చిప్ప మూయండి. రబ్బరు లాగడం వల్ల కాళ్ళు ఒకటి రెండుసార్లు ఎగిరి కింద పడతాయి, కంగారు పడకండి.

స్క్రూ పెట్టే ముందు ఒక పని చేయాలి. ఇది నాకు ఒక వాచీ రిపేరు పెద్దాయన చెప్పింది. స్క్రూను రంధ్రంలో పెట్టి ముందు ఎడమవైపు, అంటే విప్పేవైపు, మెల్లగా తిప్పండి. ఒకచోట స్క్రూ కొంచెం కిందికి దిగినట్టు తెలుస్తుంది. అది పాత మర మొదలు. అక్కడి నుంచి కుడికి బిగించండి. అలా చేయకపోతే స్క్రూ పాత మర పక్కన కొత్తది కోసుకుంటుంది, రెండు మూడుసార్లకు గొట్టంలో పట్టే ఉండదు. చిప్పలు కలవగానే ఆపేయండి. ఇంకొక్క చుట్టు అనే ఆశ పడకండి, గొట్టాలు చీలేది ఆ చుట్టుకే.

పాత స్క్రూ తుప్పు మరీ ఎక్కువగా ఉంటే దాన్ని మాత్రమే రాత్రంతా వెనిగర్‌లో వేసి, పొద్దున కడిగి తుడవండి. కొత్తది వేస్తే పొడవు సరిగ్గా అంతే ఉండాలి. పొడవైనది ఛాతీని లోపలి నుంచి పొడుస్తుంది.

మిగతావి

రంగు వేయకండి, ముఖానికి అసలు వద్దు. చెరిగిన కళ్ళను సరిదిద్దబోయి కొత్త మనిషిని చేసేస్తారు. నాన్న చేతుల్లో అరిగిన రంగు అది, అలాగే ఉండనివ్వండి.

తుపాకీని చేతిలో పెట్టేముందు ఆ చేతిని వేణ్ణీళ్ళలో అర నిమిషం ముంచి, వెంటనే తుడిచి పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు నెడితే బొటనవేలు విరుగుతుంది. ఈ బొమ్మల్లో ముందు పోయేది బొటనవేలే.

హీ-మ్యాన్ అనే కండల వీరుడి బొమ్మలు తెచ్చేవాళ్ళూ ఉన్నారు. వాటికి వీపు మీద స్క్రూ ఉండదు, కాళ్ళు లోపలి రబ్బరుతో పట్టి ఉంటాయి, పద్ధతి పూర్తిగా వేరు. ఇక్కడ చెప్పింది వాటి మీద ప్రయోగించకండి.

పండగయ్యాక ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక ఎక్కించకండి. పాత నూలు గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో వేసి బీరువా కింది అరలో పెట్టండి.

రింగు సరైనదో కాదో తెలుసుకోవడానికి బొమ్మను నడుము దగ్గర పక్కకు తిప్పి వదలండి. దానంతటది ముందుకు తిరిగితే సైజు కుదిరింది. కాళ్ళు వేలాడితే రింగు పెద్దది. తిప్పడమే కష్టమైతే చిన్నది, వెంటనే విప్పి మార్చండి, లేకపోతే నడుము ముక్క విరుగుతుంది. కుదిరిందనుకున్నాక మోకాళ్ళు వంచి బల్ల అంచున కూర్చోబెట్టండి. వెనక్కి వాలకుండా కూర్చుంటే ఇక పార్కులో నిలబెట్టవచ్చు.