పొలం నష్టం చూపించే ముందు 36వ లైను చూడండి

అమెరికాలో చిన్న పొలం కొని ఆవులో కూరగాయలో పెంచుతున్న మనవాళ్లకు ఓ మాట. ఆదాయపు పన్ను రిటర్నులో పొలం లాభనష్టాలు చూపించే ఫారం షెడ్యూల్ ఎఫ్‌లో నష్టం వస్తే, 36వ లైను దగ్గర తొందరపడి మొదటి గడిలో టిక్కు పెట్టేయకండి. పెట్టుబడంతా మీ నెత్తిమీదే ఉందా, అంటే పోతే ఆ సొమ్మంతా మీకే నష్టమా అని అక్కడ అడుగుతున్నారు.

సొంత డబ్బు 40,000 డాలర్లు, ట్రాక్టర్ అప్పు 30,000 అనుకోండి. కట్టకపోతే ట్రాక్టర్ పట్టుకుపోవడం తప్ప మిమ్మల్ని పైసా అడగలేని అప్పయితే అది మీ నెత్తిమీదున్న పెట్టుబడి లెక్కలోకి రాదు. 50,000 నష్టమొచ్చినా ఈ నిబంధన కింద పన్ను లెక్కలో తగ్గించుకోగలిగేది 40,000 వరకే. మిగతా 10,000 ఎక్కడికీ పోదు, వచ్చే ఏటికి వెళ్తుంది. ఆ లెక్క ఫారం 6198లో వేయాలి.

అన్నట్టు, పొలం లాభాల్లో వాటా ఉన్న బావమరిది ఇచ్చిన అప్పు కూడా, మీరు నోటు రాసిచ్చినా సరే, మామూలుగా లెక్కకు రాదు!