సాగు ఆపకుండా సొంతిల్లు – మూడో పాఠం: స్లాబు ఎప్పుడు వేయాలి, ఎలా తడపాలి

గత రెండు పాఠాల్లో పునాదిని, గోడలను పూర్తిచేశాం. ఇప్పుడు స్లాబు దగ్గరికి వచ్చాం. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, షాబాద్, ఇబ్రహీంపట్నం పరిసరాల్లో ఎకరమో రెండెకరాలో సాగు చేసుకుంటూ పొలం దగ్గరే ఇల్లు కట్టుకునేవారికి అన్నిటికన్నా కీలకమైన దశ ఇదే. కోత కోసం గోడ పనిని వారం రోజులు ఆపినా నష్టం లేదు కానీ, కాంక్రీటు పోశాక రెండు వారాలపాటు దాన్ని వదిలి పొలం పనికి వెళ్లడానికి వీలుండదు.

క్యూరింగుకు, అంటే పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా తడిగా ఉంచడానికి, నీళ్లు పెడితే పంట ఎండుతుందని చాలామంది భయపడతారు. లెక్క వేసి చూద్దాం. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న స్లాబు మీద రెండంగుళాల నీరు నిలపడానికి 100 ఘనపుటడుగులు, అంటే సుమారు 2,830 లీటర్లు పడుతుంది. ఎకరం వరి మడిలో అంతే లోతు నీరు పెట్టాలంటే రెండు లక్షల లీటర్లు దాటుతుంది. ఆవిరైన మేరకు రోజూ నింపినా స్లాబు తాగే నీరు పొలానికి భారం కాదు. తెల్లవారకముందే ఆకుకూర కోసుకుని మెహదీపట్నం రైతుబజారుకు వెళ్లిన మనిషి తిరిగి వచ్చేసరికి ఎండ ముదిరి, స్లాబు అంచులు ఎండి తెల్లబడి ఉంటాయి. అసలు చిక్కు నీటిలో కాదు, సమయానికి తడిపే మనిషి లేకపోవడంలో ఉంది.

భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సాధారణ సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, ఎండ తీవ్రంగా ఉంటే 10 రోజులు నిరంతరం తడిగా ఉంచాలి. ఫ్లైయాష్ (బొగ్గు కాల్చగా మిగిలే సన్నని బూడిద) కలిసిన పీపీసీ సిమెంటుకైతే అవే గడువులు 10, 14 రోజులు అవుతాయి. ఇప్పుడు మన దగ్గర ఇళ్లకు ఎక్కువగా పీపీసీయే వాడుతున్నారు కనుక, 14 రోజులని ముందే నిశ్చయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. సెంట్రింగు (గట్టిపడేదాకా స్లాబును మోసే తాత్కాలిక పలకలు, గుంజలు) అద్దె పెరుగుతోందని దాన్ని తొందరపడి తీయించవద్దు. ఆ విషయంలో ఇంజనీరు చెప్పిన తేదీకే కట్టుబడాలి.

ఆ 14 రోజులు ఎక్కడ దొరుకుతాయో పంటను చూసి తేల్చుకోవాలి. బతుకమ్మ, దసరా, దీపావళి రోజుల్లో బంతి, చామంతి కోసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తరలించేవారికి ఊపిరి సలపదు. వానలు కూడా పూర్తిగా వెనక్కి తగ్గి ఉండవు. సంక్రాంతికి కూలీలు సొంతూళ్లకు వెళ్తారు కనుక, అంతకు ముందే సెంట్రింగు కొట్టిస్తే వాళ్లు తిరిగి వచ్చేదాకా ఊరికే అద్దె కట్టాలి. పండుగ వెళ్లాక, ఎండలు ముదరకముందు, అంటే జనవరి చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఉన్న కాలం అన్నివిధాలా అనువైనది. ఇల్లు కట్టే ఏడాది మృగశిర వానలకు ఎక్కువ భాగంలో కంది వేసుకుంటే ఆ సమయానికి కోత ముగిసి చేను ఖాళీగా ఉంటుంది. రెండు మూడు రోజులకొకసారి కోతకు వచ్చే టమాటాను ఆ ఒక్క యాసంగికి తగ్గించుకోవడమే మేలు.

కాంక్రీటు పోసే పనిని అనుభవమున్న మేస్త్రీకి, అతని ముఠాకు వదిలేయండి. తడపడం మాత్రం మీరే పట్టించుకోవాలి. పోసిన సాయంత్రం పైభాగం కాస్త బిగుసుకున్నాక తడి గోనెపట్టాలు పరచాలి. మరునాడు పొద్దున్నే సిమెంటు తక్కువగా కలిపిన ఇసుక మాలుతో స్లాబంతటా గట్లు పోసి, నాలుగైదు అడుగుల మళ్లుగా విడదీసి నీరు నింపాలి. విడివిడిగా ఉండడం వల్ల ఒక గట్టు తెగినా ఆ ఒక్క మడే ఎండుతుంది. స్లాబు అంచులు, బీముల పక్కలు నీరు నిలవని చోట్లు. వాటిపై గోనెలు వేలాడదీసి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తడుపుతుండాలి. మార్కెట్‌కు వెళ్లే రోజున మధ్యాహ్నపు తడి ఎవరు పెడతారో ముందురోజే ఇంట్లో మాట్లాడుకుని ఉంచాలి.

పొలం దగ్గర కట్టే ఇంటికి మాత్రమే వచ్చే ప్రమాదం ఒకటుంది: సిమెంటు, ఎరువులు ఒకే షెడ్డులో పెట్టడం. యూరియా గాలిలోని తేమను లాగి చెమ్మగిల్లుతుంది, ఆ చెమ్మ పక్కనున్న సిమెంటును పాడుచేస్తుంది. పొటాష్‌లోని క్లోరైడు కాంక్రీటులో చేరితే లోపలి ఇనుప సలాకలు తుప్పు పడతాయి. అందుచేత ఎరువు కలిపిన డ్రమ్మును, తొట్టిని కాంక్రీటు నీటికి వాడకూడదు, ఇసుక కుప్పను ఎరువు బస్తాలకు దూరంగా పోయించాలి. సిమెంటు బస్తాలను నేలకు ఆనకుండా చెక్కల మీద, గోడకు తగలకుండా దూరంగా, పది వరుసలకు మించకుండా పేర్చాలి.

బోరు మోటారుకున్న వ్యవసాయ కనెక్షన్ నుంచి మిల్లరుకో (కాంక్రీటు కలిపే యంత్రం) వైబ్రేటరుకో (పోసిన కాంక్రీటును కుదించే యంత్రం) తీగ లాగవద్దు. 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ అనధికార వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వసూలు చేయడానికి అవకాశమిస్తుంది. నిర్మాణానికి తాత్కాలిక కనెక్షన్ విడిగా తీసుకోండి.

అభ్యాసం: మీ పొలంలోని ప్రతి పంటకూ నాట్లు, కోత, మార్కెట్ రోజులను నెలవారీగా ఒక కాగితంపై రాసి, వరుసగా 14 రోజులు ఇంట్లో ఒకరైనా పొలం పనికి వెళ్లనక్కరలేని కాలాన్ని గుర్తించండి. అది దొరకకపోతే ఏ పంటను ఎంత మేరకు తగ్గించాలో దాని పక్కనే రాయండి. వచ్చే పాఠంలో ప్లాస్టరింగును, తాండూరు నాపరాయి పరచడాన్ని నేర్చుకుందాం.