అభిమాన మనిషి అనుకోకుండా ఎదురైతే: ఆ రెండు నిమిషాల్ని మన సొంతం చేసుకునే పద్ధతి

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో సామాను బెల్టు దగ్గర, కేబీఆర్ పార్కులో పొద్దుటి నడకలో, తిరుమలలో దర్శనం చేసుకుని బయటికొస్తుంటే, ఎవరి పెళ్ళి భోజనాల్లోనో. మనకు సినిమావాళ్ళు, ఆటగాళ్ళు, గాయకులు అనుకోకుండా తగిలే చోట్లు ఎక్కువగా ఇలాంటివే. చాలామందికి చివరికి మిగిలేది ఒక మసక సెల్ఫీ. ఫోన్ మారినప్పుడు అదీ పోతుంది. ఆ రోజు ఒళ్ళంతా ఎందుకంత జలదరించిందో మాత్రం తేలకుండానే ఉండిపోతుంది. తేల్చుకోవడానికి కావలసింది ఒక నోటుబుక్కు, ఆ రాత్రి ఒక గంట.

ముందు ఎదురైన క్షణం సంగతి. వాళ్ళు తింటున్నా, ఫోన్లో ఉన్నా, పసిపిల్లల్ని ఎత్తుకుని ఉన్నా, దణ్ణం పెట్టుకుంటున్నా కదిలించకండి. ఆస్పత్రిలోనూ, చావు ఇంటి దగ్గరా అసలే వద్దు. దూరం నుంచి చూడటం కూడా కలవడమే, దాని గురించి కూడా రాసుకోవచ్చు. పలకరించేటట్టయితే రెండు వాక్యాలు చాలు: మీ పేరు, ఊరు ఒక వాక్యం, వాళ్ళు చేసిన పనిలో ఒకే ఒక్క చోటు గురించి రెండో వాక్యం. "సర్, మీకు పెద్ద ఫ్యాన్ని" అనేది వాళ్ళు రోజూ వినేదే, దానికి జవాబుగా నవ్వు తప్ప ఇంకేమీ రాదు. "నమస్తే అమ్మా, మాది తెనాలి. ఫలానా పాట రెండో చరణంలో మీరు ఊపిరి ఆపిన చోటు మా అమ్మకు ప్రాణం" అంటే ఆ మనిషి ఒక్క క్షణం నిజంగా మీవైపు తిరుగుతారు. ఆ క్షణమే తర్వాత పనికొస్తుంది.

ఫోటో ఆఖర్న అడగండి, అదీ ఒక్కసారే. సెక్యూరిటీ తనిఖీ దగ్గర ఫోన్ బయటికి తీయకండి. తిరుమల గుడిలోకి ఫోన్ ఎటూ తీసుకెళ్ళనివ్వరు. అక్కడ ఎవరైనా కనిపిస్తే కళ్ళతోనే చూస్తాం కాబట్టి, చొక్కా రంగు దగ్గర్నుంచి గుర్తుంటాయి. ఫోటో లేదని బాధపడాల్సిన పనే లేదు.

ఇక ఆ రాత్రి. అసలు పని ఇదే, ఎక్కువమంది చెడగొట్టుకునేదీ ఇక్కడే. ఎవరికీ చెప్పకముందే, ఫ్యామిలీ గ్రూపులో పెట్టకముందే రాయండి. ఒకసారి చెప్పాక మనకు గుర్తుండేది జరిగింది కాదు, మనం చెప్పింది. వినేవాళ్ళు ఎక్కడ "అబ్బ!" అన్నారో అక్కడ కథ కాస్త పెరుగుతుంది. మూడోసారి చెప్పేసరికి "నేను పలకరించాను" కాస్తా "ఆయనే నన్ను పిలిచారు" అవుతుంది. మనం అబద్ధమాడుతున్నామని మనకే తెలియదు. ఆలస్యం చేసినా నష్టమే. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల వరుసలు తనే కంఠస్థం చేసి, తన మీదే పరీక్షించుకుని 1885లో ఫలితాలు ప్రకటించాడు. మరపు ఎక్కువగా పట్టేది మొదటి కొన్ని గంటల్లోనే అని అందులో తేలింది. అభిమాన మనిషిని చూడటం అర్థం లేని అక్షరాలతో సమానం కాదు, ఇంకా ఎక్కువ కాలమే నిలుస్తుంది. అయినా అన్న మాటలు, వేసుకున్న బట్టలు, ముందు ఎవరు నవ్వారు లాంటి చిన్నవి తొందరగా జారిపోతాయి.

మొదటి పేజీలో ఒంటికి తెలిసినవి మాత్రమే రాయండి. ఎక్కడ నిలబడ్డారు, మీ చేతిలో ఏముంది, ఏ వాసన వస్తోంది, వాళ్ళ గొంతు తెర మీద విన్నదానికంటే సన్నగా ఉందా, మీ నోట మొదట ఏ మాట వచ్చింది. అన్నది అన్నట్టు గుర్తున్న మాటలకే కొటేషన్లు పెట్టండి. మిగతావాటి పక్కన "దాదాపు" అని రాయండి. "అద్భుతం", "మరపురానిది" లాంటి మాటలు ఈ పేజీలో వద్దు.

రెండో పేజీలో ఆ మనిషి ఊసే ఉండకూడదు, మీ గురించే రాయాలి. వాళ్ళ పని మీ జీవితంలోకి ఎప్పుడు వచ్చింది? అప్పుడు మీ వయసెంత, ఏ ఇంట్లో ఉన్నారు, పక్కన ఎవరున్నారు? ఉదాహరణకు క్రికెటర్ లక్ష్మణ్ గారు ఎదురయ్యారనుకోండి. 2001 మార్చి 14న ఈడెన్ గార్డెన్స్‌లో ఆయన, ద్రావిడ్ రోజంతా ఔట్ కాకుండా ఆడారు. లక్ష్మణ్ 281 కొట్టిన ఆ టెస్టు పరీక్షల కాలంలో వచ్చింది. అప్పుడు పదో తరగతి చదువుతున్న పిల్లవాడికి గుర్తుండేది స్కోరొక్కటే కాదు. లెక్కల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పక్కింటి కిటికీలోంచి టీవీ చూడటం, "చదువుకో" అనకుండా నాన్న కూడా వచ్చి వెనకే నిలబడటం కూడా. పాతికేళ్ళ తర్వాత ఎయిర్‌పోర్టులో ఆయన్ని చూడగానే గొంతు పట్టేసిందంటే, అది నాన్న నిలబడిన ఆ మధ్యాహ్నం వల్ల కావచ్చు. అలాంటిది దొరికేదాకా రెండో పేజీ పూర్తి కానట్టే. మొదటి ప్రయత్నంలో రాకపోతే వారం ఆగి మళ్ళీ కూర్చోండి.

ఏమీ దొరకకపోవచ్చు కూడా. అప్పుడు అది కేవలం ఒక పేరున్న మనిషిని చూసిన సరదా, అంతే. బలవంతంగా అర్థం అంటగట్టకండి. ముఖ్యంగా శకునంగా తీసుకోకండి. రోజూ పొద్దున కేబీఆర్ పార్కులో నడిచేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఎదురవుతారు. దాన్ని నమ్ముకుని ఉద్యోగం మానేయడం, ముహూర్తం మార్చుకోవడం లాంటి పనులు చేయకూడదు.

వాళ్ళు విసుక్కున్నారా? ఆ రోజే ఫేస్‌బుక్‌లో పెట్టకండి. మూడో పేజీ తీసి ఆ నిమిషం వాళ్ళవైపు నుంచి ఎలా ఉండి ఉంటుందో ఐదు వాక్యాలు రాయండి: రాత్రి విమానం, మీకంటే ముందు ఆపినవాళ్ళు, వెనక తోసుకొస్తున్న ఫోన్లు. నెల తర్వాత కూడా నొప్పి తగ్గలేదంటే మీరు అక్కడ ఫోటో కంటే పెద్దదేదో ఆశించారన్నమాట. అదేమిటో రాసుకోండి. వాళ్ళ పని మన ఇంట్లో ఏళ్ళ తరబడి ఉంది, మనం మాత్రం వాళ్ళకు ఆ నిమిషం వరకు తెలియదు. ఆ ఆశ నిజమే, దాన్ని ఆ నిమిషంలోనే తీర్చాల్సిన బాధ్యత మాత్రం వాళ్ళ మీద లేదు.

సంతకం దొరికితే అది దేనిమీద ఉందో చూడండి. అప్పటికప్పుడు చేతికందేది బోర్డింగ్ పాస్, హోటల్ బిల్లు. ఇవి చాలావరకు థర్మల్ కాగితాలు, ముద్రణకు సిరా వాడరు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. కొన్ని నెలల్లోనే తేదీ, విమానం నంబరు వెలిసిపోయి సంతకం ఒక్కటే మిగలవచ్చు. ఆ రోజే 600 డీపీఐలో (డీపీఐ అంటే స్కాన్ ఎంత స్పష్టంగా వస్తుందో చెప్పే కొలత) స్కాన్ చేయించండి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడుతుంది, ఇక వెనక్కి రాదు. మెత్తని పీవీసీ కవరు కూడా అక్షరాల్ని తినేస్తుంది, పాలీప్రొపిలీన్ కవరు మేలు. గోడకు ఫ్రేమ్ కట్టాలనుంటే కలర్ ప్రింటు కట్టి అసలుది చీకట్లో దాచండి, ఎండ తగిలితే బాల్‌పెన్ సిరా పాలిపోతుంది.

ఫోటో ప్రింటు తీయించి వెనక మెత్తని 2బీ పెన్సిల్‌తో తేదీ, చోటు, పక్కనున్నవాళ్ళ పేర్లు రాయండి. బాల్‌పెన్‌తో గట్టిగా రాస్తే ముందువైపు గీతలు తేలతాయి. ఫోన్లోది వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతుంది, తీసిన సమయం వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. 2020 సెప్టెంబర్ 25న బాలు గారు పోయినప్పుడు ఎన్నో ఇళ్ళలో పాత ఫోటోలు బయటికొచ్చాయి. వెనక ఏమీ రాసుకోని ఇళ్ళలో ఏ ఊరు, ఏ కచేరీ అన్నది చెప్పగలిగిన మనిషి అప్పటికి లేకుండా పోయాడు.

ఏడాది తర్వాత అదే తేదీన ఆ పేజీలు చదవండి. కొత్తగా తోచింది వేరే రంగు సిరాతో, కింద ఆ రోజు తేదీ వేసి రాయండి. మొదటి పేజీలో మాత్రం ఒక్క అక్షరం కూడా దిద్దకండి, తప్పని తోచినా సరే.