మడక కర్రుకు రోమన్ నాణెం తగిలితే

1786లో నెల్లూరు దగ్గర రాళ్లగుట్ట వాలులో ఒక రైతు దున్నుతుంటే మడక కర్రు ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, అందులో రోమన్ బంగారు నాణేలు. వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. కొలిమిలో పడకముందే నవాబు అమీరుల్ ఉమరా చేతికి ముప్పై పైచిలుకు చిక్కాయి. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉండిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి 1787లో రాసిపెట్టబట్టి వాటి మీదున్న రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హాడ్రియన్, రాణి ఫౌస్టినా పేర్లు మనకు మిగిలాయి. కరిగిపోయిన వాటి మీద ఎవరి బొమ్మలున్నాయో ఇక ఎప్పటికీ తెలియదు. రొయ్యల గుంట తవ్వేటప్పుడో, ఇంటికి పునాది తీసేటప్పుడో అలాంటి ముంత మళ్లీ బయటపడితే ఏం చేయాలో, నాణెం మీద ఏముందో ఎలా చదవాలో ఇది చెబుతుంది.

ముందు జేసీబీని ఆపించండి. ముంతను బోర్లించి దులపొద్దు. పక్కన స్కేలు పెట్టి, ఉన్నది ఉన్నట్టు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఎంత లోతులో ఉంది, ఇటుకలున్నాయా, ఇసకా బంకమట్టా అన్నది రాసుకోండి. నాణెం ఏ రాజుదో నాణెమే చెబుతుంది. కానీ అది ఇక్కడికి ఎప్పుడు చేరింది, ఎవరు దాచారు అన్నది చెప్పగలిగేవి దాని చుట్టూ ఉన్న మట్టి, పెంకులే.

తర్వాత కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైనది ఏది భూమిలో దొరికినా ఇది తప్పదు. అర్జీలో నాలుగు సంగతులుండాలి: ఏం దొరికింది, సుమారు విలువ ఎంత, ఎక్కడ దొరికింది, ఏ తేదీన. దొరికిన దాన్ని ప్రభుత్వ ఖజానాలో జమ చేయాలి, లేదా అడిగినప్పుడు తెచ్చిస్తానని పూచీ ఇవ్వాలి. దాచిపెడితే వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. 'గవర్నమెంటుకు చెబితే మనకేమీ రాదు' అన్న మాట పల్లెల్లో గట్టిగా ఉంది గానీ, చట్టంలో నిక్షేపం కనుగొన్నవాడికీ భూమి యజమానికీ వాటాలున్నాయి. అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోండి. నాణేలు ఎన్ని, ఒక్కోటి ఎంత బరువు, రెండు వైపులా ఎలా ఉందో తెలిపే ఫొటో, ఇవన్నీ అర్జీకి జతచేయండి.

తోమొద్దు. చింతపండు, నిమ్మకాయ, పీతాంబరి పొడి, కంసాలి దగ్గరి ఆసిడ్, టూత్‌పేస్టు, ఏదీ వద్దు. మేలిమి బంగారం మెత్తన, గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. వెండి మీది నల్లపొర వందల ఏళ్లకు ఏర్పడింది. ఆసిడ్ దాన్ని తీసేసి, కింది లోహంలోని రాగిని కూడా లాగేసి, పైభాగాన్ని గుల్ల చేస్తుంది. బంగారు నాణేన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానేసి, మెత్తటి నూలు గుడ్డతో అద్ది తడి తీస్తే చాలు. వెండినీ రాగినీ మట్టితోనే ఉంచండి. సీసం నాణేలుంటే (శాతవాహనుల ఓడ బొమ్మ నాణేలు ఈ తీరంలో దొరికినవే) అట్టపెట్టెలో, చెక్క బీరువాలో పెట్టొద్దు. వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

ఇక తూకం. 0.01 గ్రాము చూపే త్రాసు కావాలి. రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ నాటి బంగారు నాణెం సుమారు 7.8 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి బరువు తగ్గించాక 7.2, 7.3 గ్రాములు, అంటే మన సవరకు ముప్పాతిక గ్రాము తక్కువ. వెండి దెనారియస్ నీరో తర్వాత సుమారు 3.4 గ్రాములు. అరిగినా, చిల్లు పడినా బరువు ఇంకా తగ్గుతుంది. కాబట్టి ఒక్క బరువు చూసి తీర్పు చెప్పొద్దు.

బంగారమో ఇత్తడో తేల్చడానికి గీటురాయి అక్కర్లేదు, నీళ్లు చాలు. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకు, గోడలకు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి వేలాడదీయండి. త్రాసు చూపే అంకెతో నాణెం బరువును భాగించండి. 7.25 గ్రాముల నాణేనికి త్రాసు 0.38 చూపితే సాంద్రత 19 దాటింది, మేలిమి బంగారమే. ఇత్తడికి పూత పూసినదైతే 0.86 దాకా చూపుతుంది. ఎక్కువమంది ఇక్కడ తప్పేది గాలి బుడగల వల్ల. నాణేనికి ఒక్క బుడగ అంటుకున్నా అంకె పెరిగి అసలుది నకిలీలా కనిపిస్తుంది. నీళ్లలోనే మెల్లగా ఊపి బుడగలు పోగొట్టి, మూడుసార్లు తూచి సరిచూసుకోండి. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, మీద సూదిమొన గుంటలు కనిపిస్తే అది అచ్చులో పోసినది. రోమన్లు నాణేలను ముద్ర కింద పెట్టి సుత్తితో కొట్టేవారు.

చదవడానికి నాణేన్ని పక్క వెలుతురులో పెట్టండి. ముఖం నిటారుగా వచ్చేలా తిప్పి, ఎడమ కింది మూల నుంచి గడియారం ముల్లు దిశలో చదవండి. మాటల మధ్య ఎడం ఉండదు. ఇంగ్లీషు చదివిన కళ్లు రెండు చోట్ల మోసపోతాయి. 'యు' ఉండాల్సిన చోట 'వి' ఉంటుంది, 'జె' ఉండాల్సిన చోట 'ఐ' ఉంటుంది. ఎ-వి-జి అంటే అగస్టస్, చక్రవర్తి బిరుదు. మన ఆగస్టు నెల పేరు ఆ మాటే. ఐ-ఎం-పి అంటే ఇంపెరాటర్, సేనానాయకుడు. డి-ఐ-వి-ఐ తర్వాత ఒక్క 'ఎఫ్' కనిపిస్తే 'దేవుడైన వాడి కొడుకు' అని. చనిపోయాక దేవతల్లో చేరినవారికి ఆ 'దివ' అన్న మాట వాడతారు. మన దివి, దేవుడు అన్న మాటలకూ దానికీ మూలం ఒకటే.

తేదీ పట్టిచ్చేది సి-ఒ-ఎస్, అంటే కాన్సల్ అన్న రోమ్ పెద్ద పదవి ఎన్నోసారో తెలిపే అంకె. ట్రాజన్ నాణెం మీద దాని తర్వాత ఒక్క 'వి' ఉంటే ఐదోసారి, 103 నుంచి 111 మధ్యది. 'వి' పక్కన నిలువు గీత ఉంటే ఆరోసారి, 112 తర్వాతది. హాడ్రియన్‌కు మూడు గీతలతో ఆగిపోతుంది. 119 నుంచి చనిపోయిన 138 దాకా అదే అంకె. అందుకే చివర 'పి పి' అన్న రెండక్షరాలు వెతకండి. 'దేశపిత' అన్న ఆ బిరుదు అతను 128లో తీసుకున్నాడు. ఫౌస్టినాలు ఇద్దరు, తల్లీ కూతుళ్లు. 'దివ ఫౌస్టినా' అని మాత్రమే ఉంటే తల్లి, ఆంటోనినస్ పయస్ చక్రవర్తి భార్య. ఆ పక్కన 'పియా' అని కూడా ఉంటే కూతురు.

డేవిడ్‌సన్ చూసిన నెల్లూరు నాణేల్లో కొన్ని ఇప్పుడే కొట్టినట్టు తళతళలాడుతున్నాయి, కొన్నింటికి చిల్లులున్నాయి. మెడలోనో జబ్బకో కట్టుకున్న గుర్తులవి. కాబట్టి చిల్లు పడిందని పక్కన పడేయొద్దు. రాజు ముఖం మీద అడ్డంగా ఉలిగాటు ఉన్నా అంతే. 1898లో పుదుక్కోట్టై దగ్గర దొరికిన 501 బంగారు నాణేల్లో ఎక్కువ భాగానికి ఆ గాటుంది. అక్షరాలు ఎంత చూసినా మాట కాక, గీతలూ సున్నాలుగా మిగిలితే అది నకిలీ అని తోసేయకండి. రోమన్ నాణేన్ని చూసి మన దేశంలోనే ఆ కాలంలో కొట్టినవి ఉన్నాయి. వాటినీ తూచి, ఏ లోతులో దొరికిందో చీటీ రాసి, మిగతా వాటితో పాటే అప్పగించండి.