బత్తాయి తోటలో వేసవి నీటి పొదుపు

నల్లగొండ ప్రాంతపు చెల్క (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర) నేలల్లోని బత్తాయి తోటలకు చాలాచోట్ల బోరుబావే ఆధారం కనుక, ఎండలు ముదరకముందే డ్రిప్పును, అంటే బొట్టుబొట్టుగా నీరిచ్చే పైపుల ఏర్పాటును, ఒకసారి సరిచూసుకోవాలి.

ముందుగా డ్రిప్పర్లను (నీటి బొట్లు వదిలే బిళ్లలను) చెట్టు మొదలుకు దూరంగా జరపాలి. నీటిని పీల్చే పిల్లవేర్లు కొమ్మల అంచు కింద ఎక్కువగా ఉంటాయి కాబట్టి, మిట్టమధ్యాహ్నం నీడ ఎంతవరకు పడుతుందో చూసి, ఆ అంచు వెంబడి లేటరల్ పైపును (డ్రిప్పర్లు అమర్చిన సన్న పైపును) గుండ్రంగా చుట్టాలి. మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే నీరు వృథా కావడమే కాక బెరడు నుంచి జిగురు కారే బంక తెగులు కూడా సోకుతుంది.

తరువాత పైపుల చివరి మూతలు తీసి, తేట నీరు వచ్చేదాకా వదలాలి. గంటకు 8 లీటర్లు ఇవ్వవలసిన డ్రిప్పరు కింద 15 నిమిషాలు డబ్బా పెడితే 2 లీటర్లు నిండాలి. అంతకు బాగా తగ్గితే రంధ్రంలో మట్టో, ఉప్పో పేరుకున్నట్టే. నీరు తగ్గిందని కొత్త మోటారు కొనేముందు ఈ డబ్బా పరీక్ష చేయడం మేలు.

పాదుల్లో వరిగడ్డి గానీ పల్లి పొట్టు గానీ మూడు నాలుగు అంగుళాల మందాన పరచి, మొదలు చుట్టూ అడుగు మేర ఖాళీ ఉంచాలి. చెదలు పట్టకుండా అప్పుడప్పుడు కదిలించి చూడాలి.

అడుగు లోతు మట్టి పిడికిట్లో ముద్దగా నిలిస్తే ఆ రోజు నీరు పెట్టే అవసరం లేదు.